జగ్గప్ప వేడికి అద్దె

గుమ్మడవరం కామందు జగ్గప్ప బిట్‌కాయిన్లు తవ్వే కంప్యూటర్ మిషన్లు కొనుక్కొచ్చి ఇంటి పక్క కొట్టంలో పెట్టించాడు. అవి కుంపట్లలా కాగిపోతుంటే గోడకి కన్నం కొట్టించి, ఫ్యాన్లు బిగించి, ఆ వేడంతా పొరుగున ఉన్న సూరాలు వసారాలోకి తోలించాడు. "ఉడికి చస్తున్నాం బాబూ" అని వేసవంతా ఆమె మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. పైగా మిషన్ల వేగం ఇంకాస్త పెంచించాడు.

వానలు పట్టుకున్నాయి. ఊళ్లో ఎవరి అప్పడాలూ ఎండలేదు. సూరాలు మాత్రం ఆ కన్నం ముందు మంచం వాల్చి, అప్పడాలు ఆరబెట్టి, సంతలో అమ్ముకుంది. జగ్గప్పకి కన్ను కుట్టింది. పంచాయతీ పెట్టించాడు.

"ఆ వేడి నా కరెంటుతో పుట్టింది. నా సొత్తు. అద్దె కట్టాల్సిందే!"

"మీ సొత్తేనా బాబూ?" అంది సూరాలు.

"ముమ్మాటికీ!"

"అయితే వేసవి నుంచీ మీ సొత్తు నా ఇంట్లో పడుంది. నన్నడక్కుండా దించారు, తీసుకెళ్లమన్నా తీసుకెళ్లలేదు. ముందు గిడ్డంగి అద్దె ఇప్పించండి. మీ అద్దె అందులో మినహాయించుకోండి."

జగ్గప్ప తడబడ్డాడు. "గోడ దాటాక అది నాది కాదులే!"

"మరి అద్దె మీకెందుకు కట్టాలి?"

పెద్దలు పగలబడి నవ్వారు. జగ్గప్ప రోషంతో ఆ కన్నం పూడ్పించి, రెండో గోడకి ఇంకోటి కొట్టించాడు. దాని అవతల ఉన్నది ఆయన పడగ్గదే.

వారం తిరక్కుండా జగ్గప్ప భార్య గోడ మీంచి పిలిచింది. "సూరాలూ, అప్పడాలు మా గదిలో ఆరేసుకోవే. మేమెలాగూ అరుగు మీదే పడుకుంటున్నాం."