పచ్చదీపాల మంత్రి

విజయకేతన మహారాజుకు ఒకనాడు కొలువు మధ్యలో ఉన్నట్టుండి ఓ కోరిక పుట్టింది.

"పేద పల్లెలన్నిటికీ తీగ అక్కర్లేని ఇంటర్నెట్ ఉచితంగా ఇమ్మని ఏడాది కిందట చెప్పాను. ఆ పని చేసినవాడి కాలికి ఇవాళ గండపెండేరం తొడుగుతాను. ఎవరయ్యా అది?"

అడిగేలోపే మంత్రి చిరుమల్లన లేచాడు. ఎడమకాలు ముందుకు చాచి మరీ నిలబడ్డాడు.

"తమ దయ ప్రభూ! నూట నలభై పల్లెలు, నూట నలభై స్తంభాలు. అటు చూడండి."

గోడ మీద రాజ్యం పటం. ప్రతి పల్లె దగ్గరా ఓ పచ్చదీపం మిలమిలలాడుతోంది. సభంతా ఆహా అంది.

రాజుకు తాంబూలం అందించే సింగన్న మాత్రం ఆహా అనలేదు. ఆ దీపాల్లో ఒకటి అతని సొంతూరు రాళ్ళగడ్డది. ఆ ఊళ్ళో అతని వదిన దాలమ్మకు రెండు నెలలుగా రేషను బియ్యం లేవు. యంత్రం మీద వేలు పెట్టాలి, ఆ వేలిముద్ర ఇంటర్నెట్‌లో సరిపోవాలి, అప్పుడే బియ్యం. ఊళ్ళో నెట్టు రాదు. అందుకని డీలరు యంత్రాన్ని గుట్ట మీదికి మోసుకెళతాడు. ఎక్కగలిగినవాళ్ళకే తిండి. దాలమ్మ మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. తిండిగింజల కోసం ముసలివాళ్ళను గుట్టలెక్కించేదాన్ని పాలన అంటారటయ్యా!

ఈ గండపెండేరం ఇవాళ మంత్రి కాలికి ఎక్కిందా, పని పూర్తయినట్టే లెక్క. ఇక ఆ ఊరి వైపు ఎవరూ తొంగిచూడరు. అలాగని మంత్రి అబద్ధమాడాడంటే, తమలపాకులు చుట్టేవాడి మాట నమ్మేదెవరు?

సింగన్న చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, చిన్న మనవి. ఇంత ఘనకార్యానికి ఇక్కడ నాలుగ్గోడల మధ్య సన్మానమా? రోజూ చూసే మొహాలే కదా మావి! ఆ పల్లెల్లో ఏదో ఒకచోట జనం ముందు తొడగండి. అదీ వాళ్ళకు బియ్యమిచ్చే పద్ధతిలోనే. మంత్రిగారు యంత్రం మీద వేలు పెట్టాలి. నెట్టు సరే అనాలి. ఎవరి నెట్టు సరే అంటే వారి కాలికి గండపెండేరం!"

"మా నెట్టే అంటుంది!" అని మంత్రి పొంగిపోయాడు. "వీడికీ బుర్రుందే!"

"ఏ ఊరు?" అన్నాడు రాజు.

"రాళ్ళగడ్డ అయితే దగ్గర కదా ప్రభూ. దీపం కూడా దివ్యంగా వెలుగుతోంది" అన్నాడు సింగన్న.

మర్నాడు పొద్దున్నే బాజాభజంత్రీలతో అందరూ రాళ్ళగడ్డ చేరారు. మంత్రి స్తంభం కింద నిలబడి బొటనవేలు పెట్టాడు. యంత్రంలో చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. వేలు మార్చాడు. చెయ్యి మార్చాడు.

"ఏమిటి ఆలస్యం?" అన్నాడు రాజు.

"పచ్చదీపం వెలుగుతూనే ఉంది ప్రభూ!"

డీలరు మెల్లగా దగ్గాడు. "ఆ దీపం కరెంటుందని చెబుతాది బాబూ. నెట్టు సంగతి దానికి తెల్దు."

ఏడాదిపాటు దీపాలు లెక్కపెట్టిన మంత్రికి ఈ ముక్క చెప్పేవాడే దొరకలేదు. అడిగితే కదా చెప్పడానికి!

ఆ పక్కనే తన ఇంటి గడపలో కూర్చున్న దాలమ్మకు జాలేసింది.

"ఏటి బాబూ, ఊరికి కొత్తా? ఇక్కడ నీ వేలరిగిపోద్ది గానీ పనవ్వదు. గుట్టెక్కు. రెండో బండ దాటి మిషను పైకెత్తితే వస్తాది. నేనెక్కలేకే రెండు నెలలై బియ్యం లేవు. నడుం జాగర్త!"

రాజు చేతిలో గండపెండేరం తళతళలాడుతోంది. మంత్రికి ఎడమకాలు దురద పెట్టింది.

"ఎక్కుతాను ప్రభూ! గుట్ట మాత్రం మన రాజ్యం కాదా?"

ఎక్కాడు. పట్టుపంచె తుమ్మముళ్ళకు పట్టుకుంది. తలపాగా జారింది. కింద నుంచి ఆడవాళ్ళ సలహాలు మొదలయ్యాయి.

"చెప్పులిప్పు బాబూ, జారతాయి!"

"అటు కాదు, ఎడంపక్కకి!"

"మా అత్త డెబ్బయ్యేళ్ళకి ఎక్కింది. నువ్వేటి అప్పుడే ఆయాసపడతన్నావు?"

రెండో బండ మీద డీలరు యంత్రాన్ని నెత్తికి పైగా ఎత్తాడు. మంత్రి మునివేళ్ళ మీద నిలబడి వేలు ఆనించాడు. యంత్రం గణగణ మోగింది.

"వచ్చింది!" అని కేకేశాడు మంత్రి.

వెంటనే యంత్రం కూడా పలికింది. బండలు మారుమోగేలా పలికింది.

"మణిశిల మహారాజుగారి ఉచిత ఇంటర్నెట్‌కు స్వాగతం. మీ వేలిముద్ర సరిపోయింది."

గుట్టకు అవతల ఉన్న పొరుగు రాజ్యమే మణిశిల. ఆ పేరు వింటేనే విజయకేతనుడికి ముద్ద దిగదు. బాజాలు ఆగిపోయాయి. రాజు మొహం కందగడ్డయింది.

"సింగన్నా! ఏమిటిది?"

సింగన్న తాంబూలం అందిస్తూ వినయంగా వంగాడు.

"ఏముంది ప్రభూ! సరే అన్నది మణిశిల రాజుగారి నెట్టు. కాబట్టి గండపెండేరం ఆయన కాలికే తొడగాలి. పల్లకీ సిద్ధం చేయించమంటారా?"

రాజు గుడ్లురిమి చూశాడు. మీసం వణికింది. ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. ఊరు ఊరంతా నవ్వింది.

"పల్లకీ వద్దులే గానీ నీ కాలు ఇటు చాపు" అని రాజు గండపెండేరం సింగన్నకే తొడిగాడు. "ముందు ఆ అవ్వకు రెండు నెలల బియ్యం ఇప్పుడే, వేలు అడక్కుండా కొలవండి. మంత్రి కచేరీ ఇవాళ్టి నుంచి ఈ స్తంభం కిందే. అవ్వ తన గడపలో కూర్చుని వేలు పెడితే సరిపోయేదాకా ఆయన ఇక్కడే ఉంటాడు. ఆయనకూ రోజూ ఈ యంత్రం సరే అంటేనే అన్నం వడ్డించండి!"

గుట్ట మీద నుంచి మంత్రి గొంతు గాభరాగా వినిపించింది.

"అయితే నేను పైనే ఉంటాను ప్రభూ! ఇక్కడైతే వస్తోంది!"