ఏడుగురు వకీళ్ల తాంబూలం

వెనకటికో దివానుగారు, గానుగోళ్లింటి నుంచి చేసుకున్న పెళ్లాం సూరమ్మని పొమ్మన్నాడు. చంటిపిల్లని మాత్రం ఇవ్వనన్నాడు. వకీలుని పెట్టుకుని రాజుగారి దగ్గర తేల్చుకోమన్నాడు.

ఊళ్లో వకీళ్లు ఏడుగురు. ఎవణ్ణడిగినా నాకన్నా మొనగాడు లేడన్నాడు. సూరమ్మ ఏరుతూ కూర్చోకుండా ఏడుగురికీ తాంబూలం ఇచ్చేసింది. ఒకరి తాంబూలం పుచ్చుకున్న వకీలు అవతలివాళ్ల తరఫున మాట్లాడకూడదని అక్కడి కట్టుబాటు.

దివానుకి ఎవరూ మిగల్లేదు. రాజుగారి కొలువులో తనే లేచి, పిల్లని కంటికి రెప్పలా చూసుకుంటున్నానన్నాడు.

"పళ్లెన్నొచ్చాయి పిల్లకి?" అన్నాడు రాజు.

దివాను పక్కకి తిరిగి పెళ్లాన్నే అడిగాడు. "ఎన్నే?"

"ఆరండీ," అంది సూరమ్మ.

రాజు పిల్లని తల్లికిచ్చేశాడు.

"మరి మేమేం వాదించాలమ్మా?" అన్నారు వకీళ్లు.

"తాంబూలం నమలండి బాబూ. మీ నోళ్లు ఖాళీగా ఉండకూడదనేగా ఇచ్చాను."