ఆదెమ్మ ఊడ్చేసిన పాటలు

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో ఆదెమ్మ అని ఒక పిల్ల ఉండేది. కాళ్ళు ముడుచుకో, దుప్పటి పైకి లాక్కో. మధ్యలో ప్రశ్నలడిగితే నేను మర్చిపోతాను, నువ్వు ఊఁ కొడితే చాలు.

ఆ ఊళ్ళో పాటలు చుట్టాల్లా ఉండేవి. ఎవరికి నచ్చిన పాట వాళ్ళింట్లోనే కాపురముండేది. కొన్నాళ్ళకి మనసు మారి ఆ పాట మీద ఇష్టం పోయిందనుకో, అది అలిగేది కాదు. సంధ్యవేళ మెల్లగా లేచి గడప దాటి వెళ్ళిపోయేది. కంటికి కనబడదు. తలుపు గొలుసు కదిలేది, కాళ్ళకి చల్లటి గాలి తగిలేది, మట్టి నేల మీద చిన్న చిన్న అడుగులు పడేవి. ఆ దారిన అది కొండ మీదికి పోయి అక్కడే ఉండేది. మళ్ళీ ఎప్పుడైనా బుద్ధి పుడితే ఆ అడుగులు పట్టుకునే వచ్చి చూసిపోయేది. అంట్లు తోముకుంటుంటే ఎప్పటిదో పాట ఊరికే నోట్లోకి వస్తుంది చూడు, అలా అన్నమాట.

అందుకని పాట వెళ్ళిన సాయంత్రం ఆ ఊళ్ళో ఎవరూ ఇల్లు ఊడ్చేవాళ్ళు కాదు. మనం మాత్రం మీ మావయ్య ఊరెళ్ళగానే చీపురు పడతామా? ఇంట్లోంచి శవం లేచాకే కదా వెంటనే ఊడ్చేది.

ఆదెమ్మకి శుభ్రం ఎక్కువ. పట్టుదల అంతకన్నా ఎక్కువ. నచ్చినన్నాళ్ళు నెత్తిన పెట్టుకునేది, నచ్చకపోతే మొహం చూసేది కాదు.

పసిదానిగా ఉన్నప్పుడు దానికి వాళ్ళమ్మ పాడే లాలిపాట ఉంటేనే నిద్ర.

'మిణుగురు తల్లీ, దీపం ఆర్పు,
మా పాప కంటికి రెప్ప కప్పు.'

ఆ తర్వాత కాస్త ఎదిగింది. తిరనాళ్ళలో తప్పెటగుళ్ళు చూసొచ్చింది. ఆడేవాళ్ళు రేకు తప్పెటలు గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, దుమ్ము రేగేలా ఎగురుతూ వాయిస్తారు. ఆ రోజునుంచి ఆదెమ్మ సత్తుగిన్నె గుండెకి ఆనించుకుని వాయించడమే వాయించడం. అప్పుడు వాళ్ళమ్మ లాలిపాట ఎత్తుకుంటే, "ఛీ, పసిపిల్లల పాట," అంది.

ఆ సంధ్యవేళ తలుపు గొలుసు కదిలింది. చల్లటి గాలి తగిలింది. నేల మీద అడుగులు పడ్డాయి. అమ్మ బావికి పోతూ, "చీపురు పట్టకే," అని చెప్పే వెళ్ళింది. ఆదెమ్మ వింటేనా? ముసలాళ్ళ చాదస్తం అనుకుంది. గబగబా ఊడ్చి, ఆ దుమ్ము పెరటి మూల చెత్తకుప్పలో పోసింది. అమ్మ వచ్చి నేల వంక చూసింది, పిల్ల వంక చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత ఆవిడ ఆ ఇంట్లో మళ్ళీ పాడలేదు.

కొన్నేళ్ళకి అమ్మ పోయింది. ఆదెమ్మకి పెళ్ళీడు వచ్చింది. అప్పన్న అనే మంచివాణ్ణి ఇల్లరికం తెచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళిలో సన్నాయి విన్నదో లేదో, దాని మనసు ఇక అక్కడే ఉండిపోయింది. తప్పెట మోత మోటుగా అనిపించింది. గొలుసు కదిలింది. ఆదెమ్మ ఊడ్చేసింది.

ఆ తర్వాత ఒకసారి పట్నం వెళ్ళి, దొరగారి లోగిట్లో వీణ విని వచ్చింది. అప్పుడు సన్నాయి వింటుంటే చెవిలో గేదె అరిచినట్టుందట. మళ్ళీ గొలుసు కదిలింది, మళ్ళీ ఊడ్చేసింది. మరి వీణ పాటైనా ఇంట్లో కాపురం పెట్టిందా అంటే, అదీ లేదు. గుమ్మం దాకా వచ్చి, పెరటి వైపు చూసి వెనక్కి తిరిగిపోయింది. ఏం చూసి పోయిందో ఆదెమ్మకి తెలీలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో పాటన్నది లేదు.

అప్పుడు ఆదెమ్మకి ఆడపిల్ల పుట్టింది. తన తల్లి పేరే పెట్టుకుంది, ముత్యమని. పిల్ల బొద్దుగా బంగారంలా ఉంది గానీ, పాకే వయసు వచ్చేసరికి దానికి నిద్ర కరువైంది. ఒళ్ళో వేసుకుని ఊపినా, ఉయ్యాల్లో వేసినా కళ్ళు తెరుచుకునే ఉండేది. ఏడ్చేది కాదు. పెరటి తలుపు వంక చూస్తూ ఉండేది, అంతే.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఊరంతా మాటుమణిగిన వేళ, పిల్ల పాక్కుంటూ పెరట్లోకి పోయింది. ఆదెమ్మ పరుగున వెళ్ళి ఎత్తుకుంది. అప్పుడు వినబడింది దానికి. చెత్తకుప్ప లోపలినుంచి సన్నగా సన్నాయి. దాని కింద ఎక్కడో తప్పెట. ఇంకా కింద, ఎవరో పిల్లని ఒళ్ళో వేసుకుని జోకొడుతున్న చప్పుడు. ఆ కుప్ప మీద కాకి వాలేది కాదు, కోడి గీరేది కాదు. అన్నాళ్ళూ ఆదెమ్మ అది చూడనే లేదు.

మర్నాడు పిల్ల కుప్పకి ఇంకొంచెం దగ్గరగా పోయింది. ఆ మర్నాడు ఇంకొంచెం. ఆదెమ్మ ఇక ఆగలేదు. పిల్లని చంకనేసుకుని మంత్రసాని గురమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఆదెమ్మ పుట్టినప్పుడూ, దాని కూతురు పుట్టినప్పుడూ పురుడు పోసిన ముసలమ్మ ఆవిడ. ఆదెమ్మ చెప్పిందంతా గురమ్మ విన్నది.

"ఊడిసేసినావేటే?" అంది.

"మూడుసార్లు, మామ్మా."

"అడుగులు సెరిపేస్తే దానికి దారి తెల్దు, ఆ దుమ్ములోనే ఉండిపోద్ది. శవం ఎల్లినాక ఊడిసినట్టు ఊడిసేస్తే, అది సచ్చిపోనాననుకుంటాది. అలాటి పాట జోకొడితే, ఆ నిద్దర్లోంచి పిల్ల మరి లెగదు."

ఆదెమ్మ పిల్లని గుండెకి అదుముకుంది. "మరేటి సెయ్యను మామ్మా?" అంది.

"దాని పాట దానికే పాడి ఇనిపించు. బతికే ఉన్నానని తెలిస్తే దాని దారిన అది పోద్ది. ఇష్టం లేకండా మాత్రం పాడకు, దానికి తెలిసిపోద్ది."

ఆదెమ్మ ఇంటికొచ్చి, పిల్లని దించి, కుప్ప ముందు నిలబడింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, కుప్ప దగ్గర మాత్రం చలి. ముందు సన్నాయి పాట ఎత్తుకుంది. నోటితోనే రాగం తీసింది. తీస్తూ తీస్తూ, తాళి కట్టేటప్పుడు అప్పన్న చెయ్యి వణకడం గుర్తొచ్చి నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే పాడింది. కుప్పలో సన్నాయి ఆగిపోయింది. చల్లటి గాలి ఒకటి దాని భుజం రాసుకుంటూ కొండ వైపు వెళ్ళింది.

ఆ తర్వాత తప్పెట. పెళ్ళయి పిల్లతల్లయినది పెరట్లో ఎగురుతుంటే గోడ మీదినుంచి చూసేవాళ్ళకి కొదవా? మొదట సిగ్గుతో కాళ్ళు ఆడలేదు. కుప్పలో మోత ఇంకా పెద్దదైంది. అప్పుడు కొంగు బిగించి, చేతులతో గుండె మీద వాయించుకుంటూ దుమ్ము రేగేలా ఎగిరింది. చిన్నప్పటి కాళ్ళు దానికి మళ్ళీ వచ్చాయి. ఎవరు చూస్తున్నారో మర్చిపోయింది. ఆ గాలీ కొండ వైపు వెళ్ళింది.

ఇక లాలిపాట. ఆదెమ్మ నోరు తెరిచింది. నోట్లో ఏమీ లేదు. ఒక్క మాట లేదు. అమ్మ పాడేటప్పుడు ఎలా కూర్చునేదో లేదు, గొంతెలా ఉండేదో లేదు. అమ్మ మొహమే గుర్తు రాలేదు. చెరిపేసిన నేలలా ఉంది మనసంతా.

ఇటు తిరిగి చూస్తే దించిన చోట పిల్ల లేదు. ఆదెమ్మ ఎగురుతుండగా పాక్కుంటూ వెళ్ళి, తలగడ మీద పడుకున్నట్టు ఆ కుప్ప మీద తల పెట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ మూయని కళ్ళు మూతలు పడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. కింద ఎవరో జోకొడుతూనే ఉన్నారు.

ఆదెమ్మ వెళ్ళి లాగింది. వేలెడంత చేతులు కుప్పని పట్టుకుని వదల్లేదు. లాగీ లాగీ, అక్కడే పిల్ల పక్కన కూలబడి, "అమ్మా," అని ఏడ్చింది.

ఏడుస్తూ ఉండగా దానికి పిల్ల పెదాలు కదలడం కనబడింది. ఊఁ ఊఁ అని ఏదో అంటోంది. మాటలు రాని పిల్ల, మాటలు ఎక్కడివి? కానీ అది రాగం. కుప్పలోంచి రోజూ విని నేర్చుకుంది. ఆదెమ్మ ఆ చెత్తలోనే చెంప ఆనించి పడుకుని, పిల్ల నోటికి చెవి పెట్టింది. జీవితంలో మొదటిసారి, బాగుందా లేదా అని అడక్కుండా ఒక పాట విన్నది. పిల్ల ఊఁ అంటే తనూ ఊఁ అంది. అలా అనగా అనగా, రాగం వెనకాల ఒక్కొక్క మాటే వచ్చింది. మిణుగురు తల్లి వచ్చింది. దీపం వచ్చింది. రెప్ప వచ్చింది.

పాడింది. పాడుతుంటే వచ్చిన గొంతు తనది కాదు, వాళ్ళమ్మది. అయినా ఆపలేదు, పూర్తిగా పాడింది. కుప్పలో చప్పుడు ఆగిపోయింది. పిల్ల చేతులు వదిలేశాయి. కళ్ళు మూసుకున్నాయి.

అది మామూలు నిద్రో, ఆ నిద్రో తెలీదు. ఆదెమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. అప్పన్న పొలంనుంచి వచ్చి, ఏమని అడగబోయి, దాని మొహం చూసి పక్కన కూర్చున్నాడు. ఎండ తగ్గింది. కోళ్ళు గూళ్ళకి చేరాయి. అప్పుడు పిల్ల ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, కళ్ళు తెరిచి, పాలకోసం గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి ఆదెమ్మకి ఎంత బాగుందో నేను చెప్పలేను.

లాలిపాట కొండకి పోలేదు, పిల్ల కోసం ఇంట్లోనే ఉండిపోయింది. ముత్యం అది వింటూనే పెరిగింది. పెరిగి ఒక సంధ్యవేళ, "అమ్మా, ఇంక ఆ పాట పాడకు. పసిపిల్లల పాట," అంది.

ఆదెమ్మ గుండెలో ముల్లు దిగినట్టయింది. అప్పుడు తెలిసింది దానికి, ఆ రోజు బావినుంచి వచ్చి వాళ్ళమ్మ ఎందుకు ఏమీ అనలేదో. చల్లటి గాలి కదిలింది. గడప దాటే ముందు ఒక్క క్షణం ఆగింది. కంటికి కనబడని చెయ్యి ఆదెమ్మ తల నిమిరి వెళ్ళిపోయింది. ఆదెమ్మ చీపురు జోలికి పోలేదు. కళ్ళు తుడుచుకుని, "మరి నీకేం పాట ఇష్టమే?" అని కూతుర్ని అడిగింది.

ముత్యం పాడి చూపించింది. కొత్త పాట. ఆదెమ్మకి డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుంది. అయినా కూతురి ఎదురుగా చతికిలబడి, చివరిదాకా విని, "ఇంకోసారి పాడవే," అంది.

కథేమో కంచికి నడిచింది,
కునుకేమో ఇంటికి వచ్చింది,
గాలి కదిలితే జడవబోకే,
కళ్ళు మూసుకుని నిద్దరపోవే.