ఏనుగు తాగిన నీళ్లు

వానలు ముఖం చాటేసిన ఒకానొక రాజ్యాన్ని ధీరసింహుడనే రాజు ఏలుతుండేవాడు. ఊరికో బావి తవ్విస్తే పేదరికం దానంతటదే పోతుందని ఆయనకెవరో చెప్పారు. తవ్వించాడు. నీళ్లు పడ్డాయో లేదో చూడకుండానే 'దాహాంతక' అన్న బిరుదు తగిలించుకున్నాడు. బావి ప్రారంభించిన ఊరికి మర్నాటినుంచి కోటనుంచి వచ్చే నీళ్లబండి రాకూడదని శాసనం కూడా చేశాడు.

సుద్దపల్లెలో బావి తవ్వుతుంటే నీళ్లకు బదులు బండ పడింది. మంత్రి భైరవుడు పని ఆపించేసి, బావి నిండుగా ఉందని రాజుకు విన్నవించాడు. అయితే నేనే వచ్చి ప్రారంభిస్తానన్నాడు రాజు.

ఏర్పాట్లు చూడటానికి ఆస్థాన హాస్యగాడు ముమ్మన ఒకరోజు ముందుగా ఆ ఊరు వెళ్లాడు. అక్కడ ఆడవాళ్లు కడవలతో నీళ్లు తెచ్చి బావిలో పోస్తున్నారు.

"బావిలోంచి తోడటం చూశాను గానీ, బావిలో పొయ్యడం ఇదే చూడటం. ఎందుకమ్మా?" అని అడిగాడు.

గురవమ్మ అనే ముసలామె నెత్తిమీది కడవ దించకుండానే చెప్పింది. "మంత్రిగారి ఆజ్ఞ సామీ. కొండవతల ఏటి ఇసకలో చెలమ తోడి తెస్తాండాం. రాజుగారికి నీళ్లు కనపడాలంట. రేపటితో బండి ఆగిపోతాది. ఎట్ల బతకాల్నో ఏమో."

"రాజుగారితో చెప్పకపోయారా?"

"పక్కూరాయన చెప్పినాడు. చెరసాల్లో ఉండాడు."

కాళ్లు బొబ్బలెక్కిన ఆ ఆడవాళ్లను చూస్తూ, రాజుకు సంగతి ఎలా తెలపాలా అని ముమ్మన ఆలోచించసాగాడు.

మర్నాడు రాజు వచ్చి బావిలోకి తొంగిచూశాడు. అడుగున నీళ్లు తళతళలాడాయి. ఇక బండి అక్కర్లేదని మంత్రి చాటింపు వేయించబోయాడు.

ముమ్మన చేతులు కట్టుకుని అన్నాడు. "ప్రభూ, తమరు తవ్వించిన బావి. తొలి నీళ్లు మామూలు మనుషులు తాగడమేమిటి? పట్టపుటేనుగు తాగితే ఎంత వైభవం."

రాజు మీసం దువ్వాడు. మంత్రి ముఖం పాలిపోయింది. బొక్కెనలతో తోడి తొట్టిలో పోస్తుంటే ఏనుగు జుర్రుతూనే ఉంది. కాసేపటికి బురద వచ్చింది. ఆ తర్వాత బొక్కెన బండకు కొట్టుకుని ఠంగుమంది.

"ఇదేమిటి? ఈ బావికి ఊట లేదా?" అన్నాడు రాజు.

"ఉంది ప్రభూ. ఈ ఆడవాళ్ల నెత్తిమీద ఉంది," అన్నాడు ముమ్మన.

రాజు వాళ్ల నెత్తిమీది చుట్టకుదుళ్లను చూశాడు. సంగతి అర్థమైంది. అందరిముందూ సిగ్గుపడటం ఇష్టంలేక పకపకా నవ్వేశాడు. "నా ఏనుగుతోనే నా మంత్రిని పట్టించావురా," అంటూ చేతికంకణం తీసి ముమ్మనకిచ్చాడు. పరివారమంతా నవ్వింది.

గురవమ్మ నవ్వలేదు. "ఏనుగు తాగినవి మా నీళ్లే సామీ. రాజుగారు ఎల్లిపోయినాక తిరిగి తోడుకుందామనుకుంటిమి. ఇప్పుడు పిల్లోళ్లకు ఏం పోసేది?"

తన తెలివికి తనే మురిసిపోయాడు గానీ, ముమ్మనకు ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గుతో కంకణం తిరిగి రాజు చేతిలో పెట్టాడు.

"ఇది వద్దు ప్రభూ. తమ పరివారం తెచ్చుకున్న నీళ్ల తిత్తులు ఇప్పించండి. నీళ్లు పడేదాకా బండి ఆపకండి."

రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. బండ పగిలి ఊట పడేదాకా మంత్రిని అక్కడే ఉండి తవ్వించమన్నాడు. తిత్తులన్నీ కడవల్లోకి ఒంపించి ఏనుగెక్కాడు.

ఎండ మండిపోతోంది. సగం దారిలో రాజు మంచినీళ్లడిగాడు. ఎవరి దగ్గరా చుక్కలేదు. కోట చేరేదాకా ఆయన మళ్లీ నవ్వలేదు.