ఫిర్యాదు లేనివాళ్లు

రేవుపట్నం నేతగాళ్లంతా తమ బట్టల మూటలను లాభంలో వాటాకి వర్తకుడు మార్తాండుడి ఓడకెక్కించారు. ఓడ మునిగిపోయిందన్నాడు మార్తాండుడు. ఎవరూ నమ్మలేదు, కానీ అడిగే ధైర్యం లేదు. అందరూ కలిసి రాజుగారికి ఫిర్యాదు చేద్దామంటే, ఓడినవాళ్లకు కొరడా దెబ్బలు తప్పవు. పైగా మార్తాండుడు ఇంటింటికీ వెళ్లి, "నువ్వు ఆ గుంపులో చేరకు, నీ వాటా నీకు చాటుగా ఇస్తాను. చేరావో, నీ మగ్గం బూడిదే" అని చెప్పి వచ్చాడు.

రాజుగారు ఫిర్యాదులు వినే రోజున అందరూ సభకు వచ్చి తలలు దించుకుని నిలబడ్డారు. "ఫిర్యాదు ఎవరిది?" అన్నాడు రాజు. ప్రతివాడూ పక్కవాడి వెనక్కి జరిగాడు. మార్తాండుడు మీసం దువ్వాడు.

నూలు వడికే పోలమ్మ ముందుకొచ్చింది.

"ఫిర్యాదేమీ లేదు మహాప్రభో. గుంపులో చేరనివాళ్లకి వాటా చాటుగా ఇస్తానని అయ్యగారు ఇంటింటికీ వచ్చి మాటిచ్చారు. మేమెవరమూ చేరలేదు. ఆ వాటాలు పుచ్చుకుందామని వచ్చాం. అలాంటి మాటే ఇవ్వలేదని అయ్యగారంటే మాత్రం, ఇప్పుడే అందరం చేరిపోతాం."

తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. మార్తాండుడు ఆ గుంపును ఒకసారి, రాజును ఒకసారి చూశాడు.

"అన్నాను ప్రభూ... ఇస్తాను."

రాజు ముందుకు వంగాడు. "మునిగిన సరుకుకి చాటుగా ఇచ్చే వాటా ఏమిటయ్యా?"