నాంచారి కట్టిన వస

అనగనగా అంటే ఎప్పుడో అని. ఎన్నేళ్ళ కిందట అని నన్నడక్కండి. నేను మా నాయనమ్మనడిగితే, "నీకెందుకే, నోరు మూసుకుని విను" అంది. మీకూ అదే జవాబు. వినేవాళ్ళు మాత్రం ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టడానికి బద్ధకమైతే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి, నేనేం అనుకోను.

అనగనగా ఒక సాలెల ఊరు. ఊరికి మూడు వీధులు. వీధికి ముప్పై మగ్గాలు. ఊరి పక్కనే కాలవ, కాలవ గట్టంతా చిత్తడి నేల. ఆ ఊళ్ళో నాంచారి అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. సొంత మగ్గం లేదు. వీధి చివర ఒక పాక, అంతే. అచ్చులు అతికి బతికేది.

అచ్చు అతకడమంటే తెలుసా? తెలీదు. మీకెలా తెలుస్తుంది, షాపుకెళ్ళి చీర కొనుక్కొచ్చుకునే మొహాలు! చెప్తాను. ఒక చీర నేయడం అయ్యాక మగ్గం మీద పాత పోగుల కొసలు మిగులుతాయి. కొత్తది మొదలెట్టాలంటే ప్రతి పాత కొసకీ ఒక కొత్త పోగు కలపాలి. బూడిదలో వేలద్దాలి. రెండు కొసలు కలపాలి. ఒక్క మెలిక తిప్పాలి. అలా రెండు వేల పోగులు. మధ్యలో ఒక్కటి తప్పితే చీరంతా తప్పే. అందుకని ఆ పనికి కూచున్నవాళ్ళు కాసేపటికే విసిగిపోతారు, నడుం పట్టేస్తుంది, కళ్ళు తిరుగుతాయి, పక్కనెవరుంటే వాళ్ళని తిడతారు.

నాంచారి అలా కాదు. పొద్దున కూచుంటే సాయంత్రానికి పని ముగించి లేచేది. పోగు తెగేది కాదు. నోట ఒక్క తిట్టు వచ్చేది కాదు.

ఆవిడకో పద్ధతి ఉండేది. పొద్దున్నే కాలవ గట్టుకి వెళ్ళి మూడు సరస్వతాకులు కోసుకునేది. గట్టు మీదే కూచుని నెమ్మదిగా నమిలేది. మూడు గుక్కల నీళ్ళు తాగేది. ఇంక పనికి కూచునే ముందు, కుడి చేతి మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని మూడుసార్లు గాలి పీల్చేది. ఆ మణికట్టుకి ఏముందనుకున్నారు? వసకొమ్ము. పసిపిల్లల చేతికి పూసలా గుచ్చి కడతారే, అదే.

ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "నాంచారమ్మకి ఇంకా మాటలు రాలేదర్రా, వస కట్టుకుంది!" అనేవాళ్ళు.

"పసిపిల్లకి పనికొచ్చింది పెద్దపిల్లకి పనికిరాదా?" అనేది నాంచారి. తనూ నవ్వేది.

సరే, ఊఁ కొట్టండి. నిద్రపోయారా?

ఆ ఊళ్ళో గురవడని ఒకడుండేవాడు. మహా కోపిష్టి. పోగు తెగితే, అడ్డపోగు తోసే ఆసుని విసిరికొట్టేవాడు, ఆసు విరిగితే పెళ్ళాం మీద అరిచేవాడు. ఒకరోజు తన మగ్గాన్నే కాలితో తన్నాడు. తర్వాత తనే కూచుని ఏడ్చాడు. మర్నాడు మధ్యాహ్నం, వీధంతా కునుకు తీసేవేళ నాంచారి పాకకొచ్చాడు.

"పిన్నీ, నాకూ ఆ ఆకు ఇవ్వు" అన్నాడు.

"ఒరే గురవా, మూడంటే మూడాకులే. నలభై రోజులు నమలాలి."

"నలభై రోజులా! నాకు ఈ కోపం రేపటికే తగ్గాలి."

"నీకు తొందరుంటే ఉండొచ్చు, ఆకుకి లేదు" అంది నాంచారి. వాడి మణికట్టుకి వస కట్టింది. నలభై రోజులకి వాడి చేతిలో ఆసు నిలిచింది.

రెండోది అక్కమ్మ. కడుపున పుట్టిన బిడ్డ పోయింది. మూడు నెలలై కంటి మీద కునుకు లేదు. అదీ మధ్యాహ్నంపూటే వచ్చింది. "అత్తా, నాకు నిద్ర కావాలి. ఒక్క పూట చాలు" అంది.  నాంచారి దాన్ని దగ్గరకి తీసుకుని తల నిమిరింది. ఆకు ఇచ్చింది, వస కట్టింది.

"ఎప్పటికి పడుతుందత్తా?"

"నీకు తొందరుంటే ఉండొచ్చు, ఆకుకి లేదు తల్లీ. రోజూ రా. ఆకు నమిలినంతసేపు నా పక్కన కూచో."

అక్కమ్మ రోజూ వచ్చి కూచుంది. ఒకరోజు కూచున్నదల్లా అక్కడే ఒరిగి నిద్రపోయింది. నాంచారి ఆ పూట పనికి పోకుండా దానికి విసురుతూ కూచుంది.

మూడోవాడు ఎవరో చెప్తే మీరు నమ్మరు. ఊరి పెద్ద చౌడయ్య!

చౌడయ్య అంటే మూడు వీధులకీ హడల్. తీర్పు ఆయనదే. ఏటా అమ్మవారి చీర మొదలెట్టేటప్పుడు ఊరందరి ముందూ మొదటి నూరు పోగులు అతికేదీ ఆయనే. ఒక్క పోగు తెగినా పెద్దరికం ఇంకొకరికి పోతుంది, అదీ ఆ ఊరి కట్టుబాటు. ఆ ఏడు చౌడయ్యకి చెయ్యి వణకడం మొదలైంది. ఒంట్లో జబ్బేం లేదు. తెగుతుందేమో, తెగుతుందేమో అని ఒకటే బెంగ. బెంగపడేకొద్దీ వణుకు, వణికేకొద్దీ బెంగ. మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ కప్పుకుని నాంచారి పాకలో దూరాడు.

"నాంచారీ, నేనొచ్చినట్టు ఎవరికీ చెప్పకూడదు. ఒట్టెయ్యి."

"ఇందులో సిగ్గుపడాల్సిందేముంది పెద్దయ్యా?"

"నీకేం తెలుసు! కాలు నొప్పంటే ఊరంతా వచ్చి పలకరిస్తారు. మనసు బాలేదంటే పిచ్చి పట్టిందంటారు. ఆ తర్వాత నా మాట ఎవడు వింటాడు?"

ఆ మాట నిజమే. ఆ ఊళ్ళో అంతే. నాంచారి ఒట్టేసింది. ఆయన చేతికీ వస కట్టింది. "ఎప్పటికి తగ్గుతుంది?" అని ఆయనా అడిగాడు. ఏం చెప్పి ఉంటుందో మీరే చెప్పండి. ఆఁ, అదే. ఆకుకి తొందర లేదు.

చౌడయ్య ఆ వస కనపడకుండా మణికట్టుకి గుడ్డపీలిక చుట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే చెయ్యి బెణికిందనేవాడు. నలభై రోజులు ఆకు నమిలాడు. అమ్మవారి చీరకి నూరు పోగులూ ఒక్కటీ తెగకుండా అతికాడు. ఊరంతా భళా అంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అయిపోలేదు.

చౌడయ్య భార్య బసవమ్మ. ఆ మహాతల్లికి పెళ్ళైన దగ్గర్నుంచీ ఒకటే అలవాటు, మొగుడి చేత పూటకి మూడు కేకలు తినడం. ఉప్పు ఎక్కువైందని ఒకటి, అన్నం మెత్తబడిందని ఒకటి, ఊరికే ఒకటి. ఉన్నట్టుండి కేకలు ఆగిపోయాయి. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని లేచిపోతున్నాడు. ఇంకొకత్తె అయితే పండగ చేసుకునేది. ఈవిడకి భయం పట్టుకుంది. "ఈ మనిషికి ఏదో అయింది" అనుకుంది.

కాలవ రేవులో బట్టలుతుకుతూ గురవడి పెళ్ళాం అంది: "మా ఆయనా చల్లబడ్డాడు. నాంచారి వస ఇచ్చింది."

ఆ పక్కనావిడ ఇంకో ఆవిడతో అంది: "నాంచారి మందు ఇచ్చిందట."

ఆ ఇంకో ఆవిడ మరొకావిడతో అంది: "నాంచారి మందు పెట్టిందట!"

చూశారా, ఎక్కడ తిరిగిందో? మందు ఇవ్వడం వేరు, మందు పెట్టడం వేరు. ఇస్తే వైద్యం. పెడితే? తెలీకుండా కూట్లో కలిపి మనిషిని చెప్పుచేతల్లో పెట్టుకోవడం. బసవమ్మ చెవిన పడేసరికి వస కాస్తా వశమైంది. "నాంచారి మగాళ్ళని వసం చేసుకుంటోంది!" నోరు తిరగనివాళ్ళకి వసకీ వశానికీ తేడా ఎంత?

"మా ఇంటికీ వచ్చిందే అచ్చు అతకడానికి! ఏ చెంబులో కలిపిందో ఏమో!" అని బసవమ్మ గుండెలు బాదుకుంది. ఊరు గోలెత్తిపోయింది. మర్నాడు మూడు వీధులు కలిసేచోట పంచాయతీ పెట్టారు. పీట మీద ఎవరు? చౌడయ్యే.

గురవణ్ణి నిలబెట్టి అడిగారు. "ఆవిణ్ణి నువ్వు మందడిగావా?"

గురవడు చుట్టూ చూశాడు. అడిగానంటే పిచ్చోడంటారు. "నేనడగలేదు. ఆవిడే ఇచ్చింది" అన్నాడు.

రోజూ నాంచారి పాకకి పోయేది కదా అని అక్కమ్మనీ అడిగారు. అక్కమ్మ తల దించుకుంది. అత్తగారు వెనకనుంచి పొడిచింది. "నేనూ అడగలేదు" అంది అక్కమ్మ.

చౌడయ్య మణికట్టు మీది గుడ్డపీలిక ఇంకాస్త బిగించుకున్నాడు. అయినా పీట మీద ఉన్నాడు, అడగాలి కదా. "వీళ్ళిద్దరికీ కాక ఇంకెవరికైనా ఇచ్చావా?" అన్నాడు.

ఎంత ధైర్యం చూడండి! అడగడానికి నోరెలా వచ్చిందో ఆ పెద్దమనిషికి!

నాంచారి ఆయన చేతికున్న గుడ్డపీలిక వైపు చూసింది. ఒక్క మాటంటే చాలు, తన పాక తనకి దక్కుతుంది. తన ఊరు తనకి మిగుల్తుంది.

"ఇచ్చాను పెద్దయ్యా" అంది.

"ఎవరికి?"

"చెప్పనని మాటిచ్చాను. చెప్పను."

 చౌడయ్య తీర్పు చెప్పాడు. పొద్దుగూకేలోగా నాంచారి ఊరు వదలాలి. కాలవ దాటి ఇవతలికి రాకూడదు. నాంచారి చాప చుట్టుకుంది, కుండ చంకన పెట్టుకుంది, మోకాటిలోతు నీళ్ళలో నడిచి అవతలి గట్టుకి పోయింది. పెట్టేవాళ్ళు లేక, పని లేక, రెల్లుగడ్డి కప్పుకుని అక్కడే ఉంది. ఎవరూ వెళ్ళలేదు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఒక్కరంటే ఒక్కరు వెళ్ళలేదు.

మరి ఊరు బాగుపడిందా? గురవడికి మళ్ళీ కోపం మొదలైంది. ఆకు గట్టు మీదే ఉంది కదా, ఆవిడెందుకు అనుకున్నాడు. మూడాకులకి నలభై రోజులైతే బుట్టెడు ఆకుకి ఒక్కరోజు చాలదా అని లెక్కేశాడు. బుట్టెడూ పప్పులో వండించుకుని తిన్నాడు. ఆ రోజంతా చెంబు పట్టుకుని గట్టుకీ ఇంటికీ తిరగడమే సరిపోయింది. నవ్వకండి, పాపం చావుతప్పి బయటపడ్డాడు. అక్కమ్మకి మళ్ళీ నిద్ర కరువైంది.

చౌడయ్య పద్ధతి తప్పలేదు. మూడాకులే నమిలాడు. వస కట్టుకునే ఉన్నాడు. అయినా చెయ్యి వణికింది. ఆకు అదే, వస అదే, చెయ్యి మాత్రం ఆగలేదు. అబద్ధం మింగి కూచున్నవాడికి ఏ ఆకు పనిచేస్తుంది?

ఒకరోజు కాలవ గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు. అవతల నుంచి నాంచారి కేకేసింది. "పెద్దయ్యా, చెయ్యి ఎలా ఉంది?"

"బానే ఉంది" అన్నాడు. వెనక్కి పోయాడు.

పది రోజులకి మళ్ళీ వచ్చాడు. నాంచారి రెల్లులోంచి పలికింది, గొంతు సన్నగా ఉంది. "పెద్దయ్యా, చెయ్యి ఎలా ఉంది?"

"బానే ఉంది" అన్నాడు. వెనక్కి పోయాడు.

ఇంకో పది రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈసారి పలకరింపు లేదు. "నాంచారీ!" అని తనే పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. తర్వాత నీళ్ళలోకి దిగాడు.

నాంచారి చాప మీద ఉంది. ప్రాణం లేదు. ఒళ్ళు ఎండిపోయి చిన్నపిల్లంత అయింది.

చౌడయ్య ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకుని కాలవ దాటాడు. పట్టపగలు సాలెవీధి మధ్యలోంచి నడిచాడు. మగ్గాలు ఆగిపోయాయి. జనం బయటికొచ్చారు. నీళ్ళకి తడిసి గుడ్డపీలిక జారిపోయింది. మణికట్టున వస అందరికీ కనపడింది.

బసవమ్మ ముందుకొచ్చింది. "అదేంటండీ? అది మీకెవరు పెట్టారు?" అంది.

"ఎవరూ పెట్టలేదు బసవా. నా మనసు బాలేక నేనే అడిగాను. ఆవిడ ఇచ్చింది" అన్నాడు చౌడయ్య. గట్టిగా, మూడు వీధులకీ వినపడేలా అన్నాడు.

గురవడు గుంపులోంచి వచ్చాడు. "నేనే అడిగాను" అన్నాడు. ఎక్కెక్కి ఏడ్చాడు. అక్కమ్మ అత్తగారి చెయ్యి విదిలించుకుని వచ్చింది. "నేనే అడిగాను" అంది.

ఏం లాభం? ఒక్క నెల ముందు అనుంటే ఆ మనిషి బతికేది. మగ్గం మీదున్న అమ్మవారి చీర కోసి తెచ్చి నాంచారికే కప్పారు. చౌడయ్య ఆ రోజే పీట దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. చచ్చేదాకా నాంచారి చేసిన పనే చేశాడు, అచ్చులతికాడు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ అచ్చు అతకడానికి కూచునే ముందు కుడి చేతికి వస కట్టుకుంటారు. పైన గుడ్డ కప్పరు. గట్టు మీద ఆకిచ్చే ఇల్లు ఒకటి ఉంది. ఎంతటి వాళ్ళొచ్చినా చాటుగా ఇవ్వరు. పగలు రావాలి, వీధిలో నిలబడాలి. "ఎవరికి?" అని అడుగుతారు. "నాకే. నేనే అడిగాను" అని నలుగురూ వినేలా చెప్పాలి. చెప్తేనే మూడాకులు. ఎక్కువ ఇవ్వరు, తక్కువా ఇవ్వరు.

నాకెలా తెలుసంటారా? పోయినేడు మీ తాతయ్య పోయాక నాకు రెండు నెలలు నిద్రలేదు. మీకెవరికీ చెప్పలేదు, పడుకున్నట్టు నటించాను. చివరికి బస్సెక్కి ఆ ఊరు పోయాను. వీధిలో జనం ఉన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరికమ్మా అని రెండుసార్లు అడిగారు. మూడోసారికి, "నాకే, నేనే అడిగాను" అనేశాను. అందరూ విన్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. ఒకావిడ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.