శొంఠిమల్లన్నకు చెమట పట్టిన వైనం

పూర్వం తూర్పుకనుమల నడుమ వానకోన అనే చిన్న సీమను మల్లప నాయుడనే పాలకుడు ధర్మబుద్ధితో ఏలుతున్న కాలంలో, ఆ కోన పైనున్న కొండగుహలో స్వయంభువుగా వెలసిన మల్లికార్జునస్వామిని వీరేశయ్య అనే ఆరాధ్య బ్రాహ్మణుడు త్రికరణశుద్ధిగా అర్చిస్తూ ఉండేవాడు. మహాభక్తుడు, మెత్తని మనసువాడు, దానికి తోడు మొండిఘటం. శివుడికి అర్పించనిది పచ్చి మంచినీళ్ళయినా నోట పెట్టనని ఆయనకొక నియమం. ఆయన ఇల్లాలు పర్వతాలమ్మ. ఆవిడ మాట కాస్త కారమే గాని చేతిలో మాత్రం అమృతం ఉండేది. కోనలో ఎవరింట తుమ్ము వినిపించినా ఆ ఇంటి పొయ్యి మీద ఈవిడ చెప్పిన కషాయమే మరిగేది.

ఒకప్పుడు ఆ సీమకు వరసగా కొన్నేళ్ళు వానలు మొహం చాటేశాయి. పశువులు కటకటలాడిపోతుంటే చూడలేక నాయుడు కొండెక్కి, వాన కురిపిస్తే శ్రావణమాసం పొడుగునా స్వామికి ఎడతెగని జలాభిషేకం చేయిస్తానని మొక్కుకున్నాడు. ఆయన భోళాశంకరుడు కదా, అడిగినదానికన్నా నాలుగింతలు ఎక్కువే ఇచ్చాడు. ఆషాఢం వెళ్ళకముందే వాగులు పొంగాయి. ఇక చూడండి, శ్రావణం రాగానే ఊరూవాడా బిందెలెత్తుకుని కొండకు బారులు తీరారు. బయట వాన, లోపల అభిషేకం. చీలమండలు మునిగే నీళ్ళలో తడిబట్టతో నిలబడి, తెల్లవారింది మొదలు పొద్దు వాలేదాకా వచ్చిన ప్రతి బిందెనూ స్వామి శిరస్సున వంచుతూ, అలసట అన్న మాట కూడా ఎత్తేవాడు కాదు వీరేశయ్య.

ఎంత భక్తుడైనా ఒళ్ళు ఒళ్ళే గదా! దగ్గు పట్టుకుంది, వెనకే జ్వరం వచ్చింది. దగ్గినప్పుడల్లా భర్త పక్కటెముకలు ఎగసిపడడం చూసి పర్వతాలమ్మ హడలిపోయింది. ఆవిడ తండ్రి ఇటువంటి దగ్గుతోనే ఒక వానాకాలం దాటలేక కన్నుమూశాడు. ఆ మాట ఆవిడ పైకి అనలేదు గాని, ఆ దగ్గు చప్పుడు ఆవిడ చెవులకు బాగా గుర్తు.

వెంటనే కొంగు బిగించి కషాయానికి దిగింది. శొంఠి, మిరియాలు, ధనియాలు, చేదు కటుకరోహిణి వేరు కచ్చాపచ్చాగా దంచి, కుండెడు నీళ్ళలో వేసి, మూత పెట్టకుండా సన్నని సెగన నాలుగో వంతుకు దిగేదాకా కాచింది. కుండ దించిన తరవాతనే అందులో వామాకూ నిమ్మగడ్డీ తుంచి వేసి అప్పుడు మూత పెట్టింది. ఎందుకంటారా? వేళ్ళకూ గింజలకూ మరుగు కావాలి, ఆకుకు మరుగు పనికిరాదు, దాని గుణమంతా ఆవిరిలోనే పోతుంది. ఇప్పటివాళ్ళు హెర్బల్ టీ అని పేరు పెట్టి, దొరికిన ఆకూ అలమూ అన్నీ ఒకేసారి పడేసి కుతకుత ఉడికించి, గుణం లేదని మందును తిట్టిపోస్తారు. వాళ్ళకెవరు చెబుతారు!

ఆ కషాయం చెంబులో పోసి తెచ్చి ఇస్తే వీరేశయ్య తల అడ్డంగా ఆడించాడు.

“స్వామికి అర్పించకుండా ఎలా తాగుతాను?”

“అర్పించండి, వద్దన్నదెవరు?”

“చేదుమందు స్వామి నోట పెట్టమంటావా పర్వతాలూ? నా ప్రాణం కోసం ఆయన నాలుక చేదు చెయ్యనా?”

ఆవిడకు ఒళ్ళు మండింది. “రోజంతా ఆయన నెత్తిన చన్నీళ్ళు కుమ్మరిస్తారే, దానికి లేని తప్పు గుక్కెడు వేడి కషాయానికి వచ్చిందా? ఆయనకు మాత్రం జలుబు చెయ్యదూ?”

వీరేశయ్య చెంబు అందుకున్నాడు. సరేనని రోజూ చెంబు పట్టుకుని కొండెక్కేవాడు. తీరా గర్భగుడిలోకి వెళ్ళి స్వామి ముఖం చూసేసరికి చెయ్యి ఆడేది కాదు. అయ్యో, ఈ చేదు ఎలా పోసేదని, అక్కడ పంచామృతాలకు ఉంచిన బెల్లమూ తేనే దోసిళ్ళతో కలిపేసేవాడు. మందు కాస్తా పానకమయ్యేది. దాన్నే నివేదించి, దాన్నే తాను తాగి, ఇంటికి వచ్చి “తాగాను” అనేవాడు. అబద్ధమని ఎలా అంటాం? తాగాడు కదా మరి!

దగ్గు తగ్గలేదు సరికదా, ముదిరింది. పర్వతాలమ్మ తన చేతినే అనుమానించింది. శొంఠి పాతదేమోనని కొత్తది తెప్పించింది, కట్టెలు మార్చింది, కుండ మార్చింది. ఏ దేవుడు తన చేతిలో గుణం తీసేసుకున్నాడో అని పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఒకనాడు కొండ మీది నుంచి వచ్చిన చెంబు తోమబోతూ చూసింది. అంచు చుట్టూ చీమలు!

“కషాయానికి చీమలు పట్టడమేమిటి!”

వేలితో అంచు తుడిచి నాలుకకు రాసుకుంది. సంగతి అర్థమైంది. ముందు కోపం వచ్చింది, కోపం వెనకనే ఏడుపొచ్చింది. “ఓరి నా పిచ్చిమారాజా, దేవుడికి చేదు తగలకూడదని నువ్వు చచ్చిపోతావా” అని ఆ చెంబును గుండెకు హత్తుకుని కూలబడింది.

మర్నాడు కషాయం కాచి, చెంబును పాత శాలువాలో చుట్టి, కొంగున రెండు బెల్లంముక్కలు ముడేసుకుని తానే కొండెక్కింది. గుహ నిండా జనం, ముందు వరసలో బిందెతో నాయుడు. “కాస్త బిందెలు దింపండి నాయనా, ఆయన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి” అన్నదావిడ. ఆ గొంతు విని నాయుడే ముందు దింపాడు.

వీరేశయ్య ఆవిడ కళ్ళు చూశాడు, తన గుట్టు తెలిసిపోయిందని గ్రహించాడు. దగ్గి దగ్గి ఆయన గొంతు పూర్తిగా పోయింది. నివేదన మంత్రం చదవబోయాడు, గాలి తప్ప అక్షరం పెగల్లేదు. మంత్రం లేనిదే నివేదన కాదు. నివేదన కానిదే ఆయన తాగడు. తాగకపోతే ఇక బతకడు. ఆ మొండిమనిషి గోడకు చేరగిలబడి, తప్పు చేసిన పిల్లవాడిలా పెళ్ళాం వంక చూశాడు.

పర్వతాలమ్మ ఇంకెవరినీ అడగలేదు. గడప దాటి లోపలికి వెళ్ళి, తలంటిన బిడ్డను తుడిచినట్టు పొడిగుడ్డతో లింగమంతా ఒత్తి, చెంబు మూత తీసి ఆ రాతి ముఖానికి దగ్గరగా పట్టుకుంది. మంత్రాలు ఆవిడకు రావు. పిల్లలకు మందు పోసేటప్పుడు ఏమంటారో అదే అంది.

“తాగు నాయనా, చల్లారిపోతుంది. చేదే, కాదనను. కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసెయ్. తాగితే బెల్లంముక్క పెడతాను.”

శొంఠి ఆవిరి స్వామి ముఖాన్ని కమ్మింది. కాసేపటికి ఆ నల్లరాతి నుదుట చిన్న చిన్న బొట్లు పొడిచాయి. అభిషేకజలమేమోనని ఆవిడ గుడ్డతో తుడిచింది. మళ్ళీ పొడిచాయి. వేలితో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. జ్వరం దిగేటప్పుడు పట్టే చెమట ఎలా ఉంటుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కరలేదు.

“చెమట పట్టిందమ్మా! మా తండ్రికి చెమట పట్టింది!” అని ఆవిడ కేక పెట్టగానే గుహంతా హరహర మహాదేవ అని దద్దరిల్లింది. ఆ వెనువెంటనే అందరూ చూస్తుండగా స్వామి నుదుటి మీద, చేదు తాగిన బిడ్డ ముఖం చిట్లించినట్టు, మూడు ముడతలు పడ్డాయి. వీరేశయ్య కళ్ళు ధారలు కట్టాయి. స్వామి తాగాక తనకేమిటి అభ్యంతరం? చెంబు అందుకుని అడుగంటా తాగాడు. పర్వతాలమ్మ ఒక బెల్లంముక్క పానవట్టం మీద పెట్టి, రెండోది మొగుడి నోట పెట్టి, శాలువా కప్పి అక్కడే పడుకోబెట్టింది.

ఆయనకూ చెమట పట్టింది, దగ్గు దారికొచ్చింది. కొన్నాళ్ళకు గొంతు పెగిలినప్పుడు ఆయన పలికిన మొదటి మాట మంత్రమేమీ కాదు. “చేదుగా ఉంది పర్వతాలూ” అన్నాడు. “ఉండాలి మరి” అంది ఆవిడ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.

నాటినుంచి స్వామికి శొంఠిమల్లన్న అనే పేరు స్థిరపడింది. నేటికీ శ్రావణంలో మధ్యాహ్నం కాగానే అభిషేకం ఆపి, స్వామిని పొడిగుడ్డతో తుడిచి, వేడి కషాయం నివేదిస్తారు. విభూతిరేఖలను కొలిచి దిద్దే పని అక్కడ లేదు, రాతిలోని ఆ మూడు ముడతల వెంటే వేలు నడుస్తుంది. నివేదన వేళ అర్చకుడు నోరు మెదపడు. ఆయన ఇల్లాలే గడప దగ్గర నిలబడి “తాగు నాయనా, చల్లారిపోతుంది” అంటుంది, అదే మంత్రం. తీర్థంగా భక్తులకు ఆ కషాయమే పోస్తారు, తాగినవారికే బెల్లంముక్క.

అంతా అయ్యాక ఖాళీచెంబును గడపరాతి మీద ఉంచి కాసేపు కనిపెట్టుకుని కూర్చుంటారు. చీమలు చేరకపోతే పూజ ముగిసినట్టు. చేరాయంటే, ఎవరో ప్రేమకొద్దీ చేయి ఆగక బెల్లం కలిపారన్నమాట. అప్పుడు ఎవరినీ ఏమీ అనకుండా, పొయ్యి రాజేసి కషాయం మళ్ళీ కాస్తారు.